నురగ కింద నాయకుడు

నేను ఐదో తరగతి వరకే చదువుకున్నాను. కరెంటు ఆఫీసుకు ఒక అర్జీ తప్ప ఇంతవరకు ఏమీ రాసింది లేదు. దానికీ జవాబు రాలేదు. అందుకని ఇది రాయాలంటే చెయ్యి కొంచెం వణుకుతోంది. కత్తి పట్టుకుంటే మాత్రం వణకదు, భయపడొద్దు.

ఇందులో ఎవరి పేరూ పెట్టడం లేదు. మా వైపు పేరు చెబితే ఇల్లు తెలుస్తుంది, ఇల్లు తెలిస్తే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే "ఓహో, ఆ పార్టీనా" అంటారు. పార్టీల పేర్లు కూడా రాయను. రంగులూ రాయను. మా ఊళ్లో కొట్లాటకు రంగు చాలు.

కోయిలకుంట్లలో బస్టాండుకు పోయే దారిలో నాకొక సెలూన్ ఉంది. రెండు కుర్చీలు. వాటిలో ఒకటి పైకి లేస్తుంది గానీ కిందికి దిగదు, అందుకని పొట్టివాళ్లను దాంట్లో కూర్చోబెడతాను. గోడకు టీవీ, దాని ఎదురుగా ఒక బెంచీ. టీవీ గురించి గొడవలు రాకుండా ఒక పద్ధతి పెట్టుకున్నాను. కుర్చీలో ఎవరుంటే రిమోట్ వాళ్లది. బెంచీ మీద ఉన్నవాళ్లు నోరు మూసుకోవాలి. గడ్డం అయిపోయి లేచాక వాళ్లూ నోరు మూసుకోవాలి. అందరూ ఒప్పుకున్నారు.

ఈ పద్ధతి వల్ల నాకు రోజంతా రెండు చానళ్లూ వినే భాగ్యం కలిగింది. ఒకసారి జిల్లాలో వాన పడింది. ఒక చానల్‌లో రైతుల ముఖాల్లో నవ్వులు అన్నారు. మనిషి మారాడు, చానల్ మారింది. అందులో రైతు నిండా మునిగాడు అన్నారు. నేను దువ్వెన చేత్తో పట్టుకొని బయటికి వచ్చి చూశాను. మా ఊళ్లో చినుకు కూడా పడలేదు.

పత్రికలు కూడా అంతే. మాకు రెండు వస్తాయి. చదవడానికి రెండు, తుడవడానికి మాత్రం కిలోల లెక్కన కిరాణా అంగడి శెట్టి దగ్గర పాత కాగితాలు కొంటాను. ఈ తుడిచే సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. గడ్డం గీసేటప్పుడు కత్తికి నురగ, వెంట్రుకలు అంటుకుంటాయి. వాటిని తుడవడానికి పత్రికను అరచేయి అంత ముక్కగా మడిచి కుర్చీలో ఉన్నాయన భుజం మీద పెడతాం. ఒక్కసారి గీయడం, కాగితం మీద తుడవడం. మా పనిలో ఇది అందరూ చేసేదే. నేను గీసే చెంపనే చూస్తాను గానీ భుజం మీద కాగితాన్ని ఎప్పుడూ చూడలేదు. కుర్చీలో ఉన్నాయన కళ్లు మూసుకొని ఉంటాడు, ఆయనా చూడడు. ఇన్నేళ్లు ఎవరూ చూడకుండానే గడిచిపోయింది.

ఎరువుల అంగడి నడిపే అన్న ఒక రోజు పొద్దున్నే వచ్చాడు. ఆయనా నేనూ ఐదో తరగతి వరకు ఒకే బెంచీ. తర్వాత ఆయన ఆరుకు పోయాడు, నేను మా నాయన వెంట అంగడికి వచ్చాను. ఆయనకు మొదటిసారి మీసం దిద్దింది నేనే. పెళ్లికొడుకును చేసే రోజు ఆయన చెంపల మీద కత్తి పెట్టింది నేనే. ఆయన తన పార్టీకి మా ఊళ్లో పెద్ద. ఆ రోజు కర్నూలులో మీటింగు. నాయకునికి దండ వేసే పది మందిలో ఈయన పేరు కూడా ఉందట. కొత్త చొక్కా, మెడలో కొత్త కండువా. కండువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకొని, "నున్నగా రావాలప్పా, ఫోటోలో పడాల," అని కళ్లు మూసుకున్నాడు.

బెంచీ మీద ట్రాక్టరు మామ కూర్చొని ఉన్నాడు. ఈయన రెండో పార్టీ. ఊళ్లో సగం పొలాలు ఈయన ట్రాక్టరే దున్నుతుంది, మిగతా సగాన్ని ఈయన నోరు దున్నుతుంది.

ఎడమ చెంప అయింది. గదవ కింద, గొంతు దగ్గర మొదలుపెడుతున్నాను. అప్పుడు బెంచీ మీది నుంచి మామ అన్నాడు:

"ఏమప్పా, మీ పెద్దాయనకు గూడా గడ్డం చేపిస్తాండావా?"

"ఏ పెద్దాయన?" అన్న కళ్లు తెరవకుండానే అడిగాడు.

"నీ భుజం మీద కూచోనుండాడు సూడు. మూతికి బాగా పట్టిచ్చినాడు నురగ."

అన్న కళ్లు తెరిచి అద్దంలో చూసుకున్నాడు. నేనూ అప్పుడే చూశాను. కాగితం మీద ఆయన నాయకుడు నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. ముక్కు కింద నుంచి మెడ దాకా తెల్లని నురగ, దాంట్లో అన్న గడ్డం వెంట్రుకలు. నాయకునికి ఒక్కరోజులో ముసలితనం వచ్చినట్లుంది.

"ఇదేందిరా!" అని అన్న ఎగిరి లేచాడు.

"కాగితమన్నా," అన్నాను.

"కాగితం కాదురా, మా నాయకుడు!"

"నాకేం తెలుసన్నా, కిలో కాగితాల్లో వచ్చినాడు."

"మా నాయకుడు కిలో లెక్కన వచ్చినాడా!"

"శెట్టి తూకం గూడా సరిగ్గా వేయడులే," అన్నాడు ట్రాక్టరు మామ. ఆయన నోటికి అడ్డు లేదు.

అన్న మెడకు కట్టిన నా గుడ్డతోనే, కుడి చెంప మీద నురగతోనే రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. కండువా కుర్చీ కింద పడిపోయింది. నేను దాన్ని తీసుకొని వెనక పరుగెత్తితే, "ముట్టుకోవద్దు!" అని అరిచాడు. అంతలో మామ ఫోన్ తీశాడు. కింద పడిన కాగితానికి ఒక ఫోటో, రోడ్డు మీద పోతున్న అన్నకు ఒక ఫోటో.

మధ్యాహ్నానికి అవి ఊరంతా తిరిగాయి. సాయంత్రానికి కడప నుంచి ఒక చానలతను, కర్నూలు నుంచి ఒక చానలతను మైకులు పట్టుకొని వచ్చారు. నేను ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. "నాకు ఏ పార్టీ లేదు సార్. ఎవరి ఫోటో అయినా నురగ ఒకటే. తెలిసి చేసింది కాదు, తప్పయింది."

ఆ రాత్రి అన్నం తింటూ టీవీ పెట్టాం. ఒక చానల్‌లో నేను "తెలిసి చేసింది," అన్నాను. తర్వాతి మాట వాళ్లు మింగేశారు. కింద పెద్ద అక్షరాలతో కుట్ర వెనక ఎవరు అని వేశారు. రెండో చానల్‌లో నేను "ఎవరి ఫోటో అయినా నురగ" అనేదాకే ఉన్నాను. కింద సామాన్యుని వినూత్న నిరసన అని వేశారు. రెండింట్లోనూ నా తల చుట్టూ ఎర్ర సున్నా, నా చెయ్యి వైపు ఒక బాణం, వెనక డప్పుల మోత.

మా ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోకుండా చూసింది. "ఏమయ్యా, ఆ బాణం ఏంటికి? నీ చెయ్యి నీకే ఉండాది గదా, యాడికన్నా పోయిందనా?"

తర్వాత నలుగురు కూర్చొని నా గురించి మాట్లాడుకున్నారు. నలుగురిలో ఒక్కరూ మా ఊరికి వచ్చినవాళ్లు కాదు. ఒకాయన ఆ కత్తి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలన్నాడు. దాన్ని నేను మా ఊరి సంతలో కొన్నాను. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి.

మరుసటి రోజు నుంచి అన్న పార్టీవాళ్లు నా అంగడికి రావడం మానేశారు. అది ఒక బాధ. రెండో పార్టీవాళ్లు మరీ ఎక్కువ రావడం మొదలుపెట్టారు. అది ఇంకో బాధ. గడ్డం లేనివాళ్లు కూడా వచ్చారు. వచ్చేటప్పుడు అన్న నాయకుని ఫోటో ఉన్న కాగితాలు మడిచి తెచ్చారు. "దీని మీద తుడువప్పా, మేము ఫోన్లో తీస్తాం." ఒకాయన అంగడికి తమ పార్టీ రంగు వేయిస్తామన్నాడు. ఇంకొకాయన తమ కండువాలు రెండు తెచ్చి, "తువ్వాళ్లకు బదులు వాడుకో," అన్నాడు. ఆ కండువాతో తడి ముఖం తుడిస్తే ఆయన ముఖానికి కూడా పార్టీ అంటుకుంది. రంగు పోయే రకం అది.

"మామా, నేను మీ పార్టీ కాదు," అని ట్రాక్టరు మామతో చెప్పుకున్నాను.

"మాకు తెలుసులేరా, గమ్మునుండు. బయట మాత్రం చెప్పగాకు," అన్నాడు.

అయినా నన్ను నిజంగా కుంగదీసింది శెట్టి మోసుకొచ్చిన మాట. ఎరువుల అంగడి దగ్గర కూర్చొని అన్న అన్నాడట: "వానికి గొంతు ఇచ్చేదెట్లప్పా? వాని చేతిలో కత్తి ఉంటాది."

మా పనిలో నైపుణ్యం తర్వాత. ముందు ఎదుటి మనిషి తల వెనక్కి వాల్చి గొంతు మన ముందు పెట్టాలి. భయం ఉంటే మనిషి గొంతు బిగిస్తాడు, బిగిస్తే తెగుతుంది. మా ఊరి మనుషులు ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకున్నారు, పెళ్లిళ్లకు పిలుచుకోవడం మానుకున్నారు, కానీ నా కుర్చీలో మాత్రం అందరూ తల వెనక్కి వాల్చారు. ఒకే బెంచీ మీద పలక పట్టుకున్నవాడే నన్ను చూసి గొంతు దాచుకుంటే ఇక నేను ఆ కుర్చీ పక్కన నిలబడి ఏం లాభం? ఎట్లయినా ఆయన మళ్లీ వచ్చి కూర్చోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

ముందు కాగితం సంగతి చూద్దామనుకున్నాను. ఏ నాయకుడూ లేని కాగితం వెతకడం మొదలుపెట్టాను. ఒకవైపు లేకపోతే వెనకవైపు ఉన్నాడు. శ్రద్ధాంజలి పేజీ వాడితే ఒకాయన అద్దంలో చూసి, "అయ్యో, మా పెద్దమ్మ," అని లేచి దండం పెట్టాడు. భక్తి పేజీ పెడితే మా ఆవిడ నన్ను తిట్టి, ఆ కాగితాన్ని కడిగి, ఆరబెట్టి దేవుని గూట్లో పెట్టింది. సినిమా పేజీ జోలికి పోలేదు. పార్టీవాళ్లయితే ఐదేళ్లకు చల్లబడతారు, హీరో అభిమానులు ఎప్పటికీ చల్లబడరు. బడి పిల్లల పాత నోటుపుస్తకాలు కొంటే అట్ట మీద నాయకుడు. ఏ ప్రభుత్వం వస్తే దాని ముఖం. పాత అట్ట మీద ఒకాయన, కొత్త అట్ట మీద ఇంకొకాయన, లోపల మాత్రం అవే ఎక్కాలు.

"ఇస్తరాకు పెట్టు. ఆకు మీద ఎవని మొగమూ ఉండదు," అంది మా ఆవిడ.

నల్లమల నుంచి వచ్చే మోదుగాకులు కట్ట తెచ్చాను. ట్రాక్టరు మామ భుజం మీద ఒకటి పెట్టాను. నురగ దాని మీద నిలవకుండా జారి ఆయన చొక్కా లోపలికి పోయింది. పైగా ఆకు ఈనె చెవిలో గుచ్చుకుంది.

"ఏందిరా ఇది, బంతిలో కూచున్నట్ల ఉండాది. పప్పు వడ్డిస్తావా?" అన్నాడు.

చివరికి మా నాయన ఎట్ల చేసేవాడో గుర్తుకు వచ్చింది. ఆయన కాలంలో పల్లెల్లో కాగితం ఎక్కడిది? ఎడమ చేతి వెనకవైపు కత్తి తుడుచుకొని నీళ్లలో కడుక్కునేవాడు. నేనూ అట్లే మొదలుపెట్టాను. చేతికి వెంట్రుకలు గుచ్చుకొని దురద పుట్టింది గానీ ఎవరూ కోప్పడలేదు. నా చెయ్యి ఏ పత్రికలోనూ పడలేదు కదా అనుకున్నాను. తర్వాత బాణం గుర్తుతో సహా టీవీలో పడిందని గుర్తుకు వచ్చింది.

ఇక అన్న కథ. సగం గడ్డంతో ఆయన ఆ రోజు మీటింగుకు పోలేదు. ఇంట్లో తనే గీసుకోబోయి గదవ కోసుకున్నాడు. అప్పుడు వేరే మంగలి కోసం బయలుదేరాడు. ఆయన మరిచిపోయింది ఒకటే. మా వాళ్లలో ఒక అంగడికీ ఇంకో అంగడికీ చుట్టరికం లేకుండా ఉండదు. మా ఊళ్లో మిగతా రెండు సెలూన్లూ నా బామ్మర్దులవే. బనగానపల్లెకు పోతే అక్కడ నా తోడల్లుడు. నంద్యాలలో మా మేనత్త కొడుకు. ఏదో పని మీద రాజంపేట దాకా పోయి అక్కడ ఒక అంగడిలో కూర్చుంటే అది మా చిన్నాయన కొడుకుది. ప్రతివాడూ నురగ పూసే ముందు నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, మీ ఎరువులాయన వచ్చి కూచున్నాడు. చేసేదా, వద్దా?"

"చేయరా, బాగా చేయి. జాగ్రత్త, గదవ కాడ పుండు ఉండాది," అని నేను ఎంతో ప్రేమగా చెప్పేవాణ్ణి. వాడు ఫోన్ స్పీకర్‌లో పెట్టేవాడు. నా గొంతు వినగానే అన్న లేచి వెళ్లిపోయేవాడు.

అట్ల గడ్డం పెరిగింది. ఊళ్లో అడిగారు, ఏమప్పా ఈ గడ్డం అని. మంగలి దొరకలేదని చెప్పుకోలేక ఆయన అహోబిలం నరసింహస్వామికి మొక్కు అన్నాడు. ఏం మొక్కు అని అడిగారు. మా నాయకుని కోసం అన్నాడు. అంతే, వాళ్ల పత్రికలో ఫోటో వచ్చింది. నాయకుని కోసం గడ్డం దీక్ష. మరుసటి వారానికి వాళ్ల పార్టీలో ఇరవై మంది గడ్డాలు పెంచారు. దీక్ష గడ్డం అని చొక్కాకు పెట్టుకునే బిళ్లలు చేయించారు. గడ్డం రానివాళ్లు బిళ్లతో సరిపెట్టుకున్నారు. రెండో పత్రిక ఊరుకుంటుందా? ఆ గడ్డాలన్నీ అతికించినవి అని రాసింది.

ఇప్పుడు మా బామ్మర్దులు నా మీద పడ్డారు. "బావా, నువ్వు ఒగ కాగితం చూసుకొనుంటే ఇరవై గడ్డాలు మాకు మిగిలేవి గదా."

ఒక పొద్దున నేను షట్టర్ సగం ఎత్తి లోపల చిమ్ముతున్నాను. షట్టర్ కింద నుంచి ముందు ఒక గడ్డం లోపలికి వచ్చింది, దాని వెనక అన్న వచ్చాడు. మండే ఎండాకాలం, గడ్డం నిండా ఎరువు దుమ్ము. చంకలో నా గుడ్డ, ఉతికి మడత పెట్టి ఉంది.

"ఎవరన్నా ఉండారా ఈడ?"

"నేనొక్కన్నే ఉండానన్నా."

ఆయన బెంచీ మీద కూర్చోలేదు, కుర్చీలో కూర్చోలేదు. నిలబడే గడ్డం గోక్కున్నాడు. "మొక్కూ లేదు, గిక్కూ లేదురా. ఎవరికీ చెప్పగాకు. నా భార్య పక్కన కూచోనియ్యడం లేదు. అంగట్లో మూటలు విప్పితే సగం దీంట్లోనే పడతాండాది. ఇంగ నెల ఉంటే దీంట్లో వేరుశనగ మొలుస్తాది."

"కూచో అన్నా."

కుర్చీని చూశాడు. నన్ను చూశాడు. "కాగితం యాడుండాది?"

ఎడమ చెయ్యి చూపించాను. వెంట్రుకలు గుచ్చుకొని ఎర్రగా దద్దుర్లు వచ్చి ఉన్నాయి. ఆయన ఆ చెయ్యి పట్టుకొని వెనకా ముందూ తిప్పి చూశాడు, దాని కింద ఎవరైనా నాయకుడు దాక్కున్నాడేమో అన్నట్లు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు.

ముందు కత్తెరతో కత్తిరించాను. తర్వాత నురగ పూశాను. చెంపలు గీస్తున్నంతసేపూ ఆయన అద్దంలో నా చేతినే చూస్తున్నాడు. కళ్లు ఒక్కసారి కూడా మూయలేదు. గదవ దగ్గరకు వచ్చేసరికి మెడ కట్టెలాగా బిగిసింది. అట్ల బిగిస్తే నేను గీయలేను. నురగ ఆరిపోతుంటే నీళ్లు చల్లాను. ఇంకోసారి పూశాను. నా జీవితంలో ఒక గొంతు కోసం అంత సేపు ఆగింది లేదు.

అంతలో షట్టర్ చప్పుడైంది. ట్రాక్టరు మామ వంగి లోపలికి వచ్చాడు. కుర్చీలో ఎవరున్నారో చూసి ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు.

"మామా, ఫోన్ తీసినావంటే నీ గడ్డం జన్మలో చేయను. నా చుట్టాలెవరూ చేయరు," అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం. మామ లెక్కవేసుకున్నాడు, రాజంపేట దాకా. జేబులో నుంచి చెయ్యి తీసి బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపు కూడా ఆగలేకపోయాడు.

"ఏమప్పా, దీక్ష అయిపాయెనా?"

అన్న అద్దంలో నుంచే చెప్పాడు. "స్వామి కలలోకి వచ్చినాడు. సాల్లేప్పా, తీసేయి, నిన్ను చూస్తే నాకే దురద పుడతాండాది అన్నాడు."

"మా కలలోకి ఎప్పుడూ రాడే?"

"మీ పార్టీ వాళ్ల కలలోకి ఏంటికొస్తాడు? వచ్చి ఏం బాగుపడాల?"

మామ పకపకా నవ్వాడు. అన్నకూ నవ్వు ఆగలేదు, నురగ ఎగిరి అద్దం మీద పడింది. నవ్వితే మెడ వదులైంది. నేను కత్తి పట్టుకొని దగ్గరికి వంగాను. అప్పుడు ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"నిజం చెప్పురా. పోయిన ఓట్లప్పుడు ఎవరికి వేసినావు?"

బెంచీ మీది నుంచి మామ కూడా ముందుకు వంగాడు. ఇద్దరూ అద్దంలో నన్నే చూస్తున్నారు. ఆ సంగతి నేను మా ఆవిడకే చెప్పలేదు. రెండు వేళ్లు అన్న గదవ కింద పెట్టాను.

"గొంతు పైకెత్తన్నా," అన్నాను.

అన్న నా మణికట్టు వదిలి, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకున్నాడు.